ఖాళీ కావాల్సిన టేబుల్: కాలేజీ లైబ్రరీలో పండగలు, ప్రత్యేక దినాలు ఎలా జరపాలి

"వచ్చే వారం ఫలానా దినోత్సవం ఉందట, లైబ్రరీలో ఏదన్నా చేయండి" అని పైనుంచి కబురొస్తుంది. చేతిలో నాలుగు రోజులుంటాయి. వెంటనే అందరికీ తట్టేది ఒకటే: ఓ బ్యానర్. దాని ముందు నిలబడి గ్రూప్ ఫొటో, సాయంత్రానికి రిపోర్టు, అంతే. ఆ రోజు లైబ్రరీలోంచి మామూలు కంటే ఒక్క పుస్తకమైనా ఎక్కువగా బయటికి వెళ్లిందా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు.

నేను చూసేది వేరు. పొద్దున మీరు నిండుగా సర్దిన టేబుల్ మీద సాయంత్రానికి ఖాళీలు కనబడాలి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు చెప్పిన ఐదు సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది. ఏళ్లుగా ఎవరూ ముట్టని పుస్తకానికి ఆ పాఠకుణ్ని వెతికిపెట్టడానికి పండగంత మంచి సాకు ఇంకోటి లేదు. మీరు లైబ్రరీ స్టాఫ్ అయినా, వాలంటీరుగా పేరిచ్చిన విద్యార్థి అయినా ఇది చేయొచ్చు. మూడు వారాల టైము, ఒక టేబుల్, పని పంచుకునే ఇద్దరు మనుషులు చాలు.

1. ముందు తేదీ తేల్చుకోండి

ఇదేం పెద్ద పని అనుకుంటాం గానీ, తప్పులు మొదలయ్యేది ఇక్కడే. కొన్ని తేదీలు కదలవు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, మార్చి 8 మహిళా దినోత్సవం, మార్చి 14 గణితానికి, మార్చి 21 కవిత్వానికి, ఏప్రిల్ 23 పుస్తకానికి, సెప్టెంబరు 8 అక్షరాస్యతకు, డిసెంబరు 10 మానవ హక్కులకు. కొన్ని వారాన్ని పట్టుకుని నడుస్తాయి. సైన్సు, టెక్నాలజీ రంగాల్లోని మహిళల కోసం జరిపే అడా లవ్‌లేస్ డే అక్టోబరు రెండో మంగళవారం వస్తుంది, అంటే తేదీ ఏటా మారుతుంది.

చంద్రుణ్ని నమ్ముకున్న పండగలతో ఇంకా జాగ్రత్త. ముస్లింల హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే, కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లకోసారి రుతువులన్నీ చుట్టి వస్తుంది. చాంద్రమానాన్ని సౌరమానంతో సరిచూసుకునే పంచాంగాల్లో దాదాపు మూడేళ్లకోసారి అధికమాసం పడుతుంది, అందుకే ఆ పండగలు ఎంత జరిగినా ఒకే రుతువులో ఉంటాయి. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏ ఆదివారమైనా కావచ్చు. కిందటేడాది పోస్టరులో ఏడాది మాత్రం మార్చేసి మళ్లీ వాడేద్దాం అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

ఇక ఆకాశం చెప్పే రోజులున్నాయి: పగలూ రాత్రీ సమానంగా ఉండే రెండు విషువత్తులు, ఏడాదికల్లా పొడుగు పగలూ పొట్టి పగలూ వచ్చే రెండు అయనాంతాలు. వీటికి మతం లేదు, దేశం లేదు. ఏ కాలేజీలోనైనా ఎవరికీ అభ్యంతరం లేకుండా మొదలుపెట్టడానికి నేను ముందు వీటినే సూచిస్తాను.

తేదీ ఖాయమయ్యాక ఇంకో కాగితం పక్కన పెట్టుకుని చూడండి. అది పరీక్షల టైంటేబుల్. ఇంటర్నల్స్ వారంలో ఎంత గొప్ప టేబుల్ పెట్టినా దాని పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోతారు. అసలు రోజు పరీక్షల్లో పడితే వారం ముందే జరపండి, కొంపేం మునగదు. ఇంకో మాట, కనబడ్డ దినోత్సవమల్లా ఎత్తుకోకండి. ఏడాదికి ఆరు చాలు. ఎప్పుడూ ఏదో ఒక డే నడుస్తూ ఉంటే ఏ డేకీ విలువుండదు.

2. పుస్తకాలు పోగెయ్యండి

మొత్తం పనిలో సగం ఇదే, సరదా అంతా కూడా ఇక్కడే ఉంది.

ఓపాక్‌లో, అంటే లైబ్రరీ కంప్యూటర్ కేటలాగులో, పండగ పేరు కొడితే నాలుగు పుస్తకాలు చూపిస్తుంది. లైబ్రరీలో ఉన్నవి నాలుగే అనుకోకండి, ఆ పేరు టైటిల్లో ఉన్నవి నాలుగు, అంతే. ఒక పండగకు పనికొచ్చే పుస్తకాలు ఒక్కచోట ఉండవు, లైబ్రరీ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. విషయానికో నంబరు ఇచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే నేను తిరిగే దారి ఇది. మొదట 394.26, పండగలూ సెలవుల ఆచారాలూ. అక్కణ్నుంచి 398, జానపద కథలు, సామెతలు, పొడుపుకథలు. తర్వాత 529, కాలగణన, క్యాలెండర్లు. 525 దగ్గర భూమి కదలికలు, రుతువులు ఎందుకొస్తాయన్న సంగతి. 551.6 శీతోష్ణస్థితి. 391 దుస్తులు, 641.5 వంట, 745.5 చేతిపనులు, 780 నుంచి సంగీతం, 793 దగ్గర ఇంట్లో కూర్చుని ఆడే ఆటలు. మతాల సంగతి కావాలంటే 200 నుంచి 299 దాకా ఉండనే ఉంది. మీ దగ్గర పుస్తకాలు అమెరికా వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో ఉంటే పండగలు జీటీ అక్షరాల కింద 3925 దగ్గర మొదలవుతాయి.

చిన్న కిటుకు ఒకటుంది. మీకు బాగా నచ్చిన ఒక్క పుస్తకం దొరకగానే కేటలాగులో దాని పూర్తి రికార్డు తెరవండి. అందులో సబ్జెక్ట్ అని ఒక వరుస ఉంటుంది, దాని మీద నొక్కండి. టైటిల్‌తో వెతికితే ఎప్పటికీ దొరకని బంధువులన్నీ బయటికొస్తాయి. కాల్ నంబర్లు (పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే నంబర్లు) రాసుకుని ర్యాకు దగ్గరికి వెళ్లాక కూడా కావాల్సింది తీసుకుని తిరిగొచ్చేయకండి. దాని ఎడమ పక్కవి అయిదు, కుడి పక్కవి అయిదు వెన్ను పట్టి బయటికి లాగి చూడండి. నా అనుభవంలో మంచి టేబుళ్లన్నీ ఆ పక్కింటి పుస్తకాలతోనే తయారయ్యాయి.

ఎలాంటివి ఏరాలి? డేట్ స్లిప్ తిప్పి చూడండి. చివరి ముద్ర ఏడెనిమిదేళ్ల కిందటిది, పుస్తకం మాత్రం పసందుగా ఉంది అంటే అదే మీకు కావాల్సింది. అందరూ ఎలాగూ తీసుకెళ్లే పుస్తకాలకు మీ టేబుల్‌తో పనిలేదు. మొత్తం 20 తీసిపెట్టుకోండి, ఇంకో 20 అకెషన్ నంబర్లతో (లైబ్రరీ ఒక్కో ప్రతికి ఇచ్చే సొంత నంబరు) లిస్టు రాసుకోండి. రెండో 20 ఎందుకో తర్వాత చెప్తాను.

కేటలాగులో కనబడనివి కూడా ఉంటాయి. వాటికి దారి ఒకటే, లైబ్రేరియన్‌ను అడగడం. "సార్, పండగల మీద ఏమన్నా ఉన్నాయా" అని అడిగితే "అటు చూడమ్మా" అని ఒక ర్యాకు చూపిస్తారు. "మేడం, మన కాలేజీ పాత మ్యాగజైన్లు ఉన్నాయా, అందులో అప్పట్లో జరిగిన వేడుకల ఫొటోలు కావాలి" అని అడగండి, బీరువా తాళం తీస్తారు. తమ డిపార్ట్‌మెంటు హెడ్ విద్యార్థిగా ఉన్నప్పటి ఫొటో టేబుల్ మీద కనబడితే మూగే జనం ముందు ఏ పోస్టరూ నిలవదు. అయితే అసలు ప్రతి పెట్టకండి, కలర్ జిరాక్స్ పెట్టండి. ఆ ఫొటోలోని వాళ్లను ఒకమాట అడిగి పెట్టడం మర్యాద.

3. ఆన్‌లైన్లో దొరికేవి, వాటి హక్కులు

లైబ్రరీ చందా కట్టిన డేటాబేసుల్లో పండగల మీద వ్యాసాలు బోలెడుంటాయి. ఒకటి రెండు వ్యాసాల మొదటి పేజీ ప్రింటు తీసి, మిగతాది చదవడానికి క్యూఆర్ కోడ్ పెట్టండి. కాలేజీ నెట్‌వర్క్‌లోనే తెరుచుకునే లింకు అయితే ఆ ముక్క కింద రాయండి, లేకపోతే ఇంటికెళ్లి నొక్కి తిట్టుకుంటారు.

ఉచితంగా దొరికేవాటిలో నేను ముందు చూసేవి రెండు. మొదటిది ఉచిత ఈ-పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, అది పుట్టిందే ఒక పండగ రోజున. 1971 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, మైకేల్ హార్ట్ అనే విద్యార్థి తమ యూనివర్సిటీ కంప్యూటర్లో ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేశాడు. దాంతోనే మొదలైంది. రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్. ఎక్కడా అచ్చులో దొరకని పాత తెలుగు పుస్తకాల స్కాన్లు అక్కడ వేలల్లో ఉన్నాయి. టైటిల్‌ను తెలుగులో కొట్టి ఊరుకోకండి, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో కూడా వెతకండి. స్కాన్ చేసినవాళ్లు ఎలా తోస్తే అలా రాసి ఎక్కించారు.

బొమ్మల విషయంలో సెర్చ్‌లో కనబడిందల్లా ప్రింటు తీయొద్దు. వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల సైటులో ప్రతి బొమ్మ కిందా లైసెన్సు రాసి ఉంటుంది, పేరు వేయమంటే వేయండి. పాత పుస్తకాల పేజీలు వాడేటప్పుడు రచయిత పోయి ఎన్నేళ్లయిందో చూసుకోండి. భారత్‌లో కాపీరైటు రచయిత తదనంతరం 60 ఏళ్లు, యూరప్ దేశాల్లో 70. ఏటా జనవరి 1న ఇలా గడువు తీరిన పుస్తకాలన్నీ ఒక్కసారిగా అందరివీ అయిపోతాయి. దాన్నే పబ్లిక్ డొమైన్ డే అంటారు. లైబ్రరీ సొంతంగా జరుపుకోదగ్గ పండగ ఏదన్నా ఉంటే నాకు అదే.

4. టేబుల్ సర్దండి

మొదటిసారి నేను పెట్టిన టేబుల్ చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. గుడ్డ పరిచాం, పుస్తకాలు మెట్లు మెట్లుగా పేర్చాం, దీపాల బొమ్మలు కత్తిరించి అంటించాం. రెండు రోజుల్లో ఒక్క పుస్తకం కదల్లేదు. మూడో రోజు ఒకమ్మాయి వచ్చి, "ఇవి చూడ్డానికేనా, ఇస్తారా కూడా?" అనడిగింది. ఎగ్జిబిషన్ అనుకుని ఎవరూ ముట్టుకోలేదు. మరీ అందంగా సర్దేశాం మరి. ఆ మధ్యాహ్నమే "ఇవన్నీ ఇంటికి తీసుకెళ్లడానికే" అని లావుపాటి అక్షరాలతో రాసి మధ్యలో నిలబెట్టాను. నేనే రెండు పుస్తకాలు తీసేసి కావాలని ఖాళీలు వదిలాను. ఖాళీ కనబడితే ఇంకెవరో తీసుకెళ్లారని తెలుస్తుంది, చెయ్యి ముందుకొస్తుంది.

అప్పట్నుంచి పాటిస్తున్నవి ఇవి. టేబుల్ ఇష్యూ కౌంటర్‌కు నాలుగడుగుల దూరంలో ఉండాలి, లోపల రీడింగ్ హాల్లో కాదు. పుస్తకాలు వెన్ను కాకుండా అట్ట కనబడేలా నిలబెట్టాలి. ప్రతి పుస్తకంలోనూ బుక్‌మార్కంత చీటీ ఒకటి పెట్టి, దాని మీద ఒక్క వాక్యం చేత్తో రాయాలి. ఆ వాక్యం పొగడ్త కాకూడదు, లోపల ఏ పేజీలో ఏముందో చెప్పాలి. "చాలా మంచి పుస్తకం" అంటే ఎవరికీ ఎక్కదు. "112వ పేజీ: కాగితాల మీద ఒకే తేదీ, నిజానికి పది రోజుల తేడా ఉన్న ఇద్దరు" అని రాయండి, పేజీ తిప్పుతారు.

ఆ ఇద్దరి సంగతి పుస్తక దినోత్సవానిదే. షేక్‌స్పియర్ పోయిన తేదీ, స్పానిష్ రచయిత సెర్వాంటెస్‌ను ఖననం చేసిన తేదీ, రెండూ 1616 ఏప్రిల్ 23 అనే కాగితాల మీద ఉన్నాయి. కానీ స్పెయిన్ అప్పటికే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది, ఇంగ్లండ్ ఇంకా పాత జూలియన్‌లోనే ఉంది. నిజానికి రెంటికీ మధ్య పది రోజుల తేడా. యునెస్కో 1995లో ఈ తేదీనే పుస్తక దినంగా ఎంచుకుంది. సాహిత్యం టేబుల్ మీద 529 నంబరు పుస్తకం ఎందుకుందని ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఉండదు.

సాయంత్రం ఖాళీలు లెక్కపెట్టి, లిస్టులో దాచిన రెండో 20లోంచి మర్నాడు పొద్దున నింపండి. టేబుల్ రోజూ కొంచెం మారుతుంటే రోజూ వచ్చేవాళ్లు కూడా ఆగి చూస్తారు. టేపు పుస్తకాల మీద వేయొద్దు, తీసేటప్పుడు అట్ట పొర లేచొస్తుంది. మెరుపుల పొడి అసలే వద్దు, ఆర్నెల్ల తర్వాత కూడా పేజీల్లోంచి రాలుతుంది. నిప్పు, నూనె, తినేవి తలుపు బయటే.

5. ఆటలు

ఫోన్లో రెండు సెకన్లకు దొరికే జవాబుతో క్విజ్ పెట్టకండి. జవాబు కోసం ర్యాకు దగ్గరికి నడవాల్సిందే అన్నట్టుండాలి.

డిసెంబరు అయనాంతానికి నేను పెట్టే వేట ఒకటి మొత్తం ఇస్తున్నాను, అలాగే వాడుకోండి. కౌంటర్ దగ్గర మొదటి చీటీ ఇస్తాం: "ఉత్తరార్ధగోళంలో ఏడాదికల్లా పొట్టి పగలు ఇవాళో రేపో. సూర్యుడు దూరమయ్యాడా? 525 దగ్గర చూడండి." అక్కడ పుస్తకంలో గుర్తు పెట్టిన పేజీ ఉంటుంది. చదివితే తెలుస్తుంది, దూరం కాదు, భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల అని. పైగా భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనే. ఆ పేజీలోనే రెండో చీటీ: "ఇప్పుడు 529కి వెళ్లండి. 1582 అక్టోబరులో కొత్త క్యాలెండర్‌కు మారిన దేశాల్లో ఆ నెల 4 తర్వాత వచ్చిన తేదీ ఎంత? దాన్ని 26తో గుణించి 8 కలపండి." జవాబు 15. గుణించి కలిపితే 398. అది జానపద కథల అర. అక్కడ మూడో చీటీ: "సూర్యుడో చలికాలమో పాత్రగా ఉన్న కథ ఒకటి వెతికి, ఆ పుస్తకం మీ పేరు మీద ఇష్యూ చేయించుకోండి. అదే మీ ఎంట్రీ."

చివరి మెలిక చూశారుగా, ఆట ముగియాలంటే పుస్తకం బయటికి వెళ్లాల్సిందే. చీటీలు అయిదారు జతలు రాసిపెట్టుకోండి, ముందు వచ్చినవాళ్లు పొరపాటున జేబులో వేసుకుని పోతారు. రద్దీ ఎక్కువైతే సగం మందిని 529 దగ్గరే మొదలెట్టించండి.

కాగితం చుట్టిన పుస్తకాల ఆట చాలామందికి తెలిసిందే. అట్ట కనబడకుండా ఖాకీ కాగితం చుట్టి, పైన మూడు ఆనవాళ్లు రాసి ఇస్తారు. తెలియని కష్టం ఒకటుంది: బార్‌కోడ్ లోపలుండిపోతుంది, ఇష్యూ చేయాలంటే చింపాలి. ముందే అక్కడ కాగితానికి చిన్న కిటికీ కోసేయండి, లేదా అకెషన్ నంబరు వెనక రాసిపెట్టండి.

కవితా దినానికి పుస్తకాల వెన్నులు ఒకదాని మీద ఒకటి పేర్చి, టైటిళ్లనే పాదాలుగా చదివే ఆట పెట్టండి. నీనా కచదూరియన్ అనే కళాకారిణి 1993 నుంచి ఇదే పనిగా లైబ్రరీల్లో చేస్తోంది. ఫొటో తీసుకున్నాక పుస్తకాలు తిరిగి ర్యాకులో పెట్టొద్దని మాత్రం చెప్పండి, ట్రాలీలో వేయమనండి. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినదానితో సమానం.

అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చేది "నేను పుట్టిన రోజు పేపరు" ఆటకు. కొత్త సంవత్సరం మొదటి వారంలో పెట్టండి. మీ లైబ్రరీలో పత్రికల బౌండ్ వాల్యూములుంటే (పాత పేపర్లు కలిపి కుట్టించిన సంపుటాలు), వచ్చినవాళ్లు పుట్టిన తేదీ చీటీ మీద రాసిస్తారు, మీరు తీసి చూపిస్తారు. న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసిన కాగితం, అందులోని ఆమ్లం వల్ల పచ్చబడి పెళుసెక్కుతుంది. అందుకని ఒకసారికి ఒకే వాల్యూము బల్ల మీద, పేజీ తిప్పేది మీరే, ఫొటో ఫ్లాష్ లేకుండా. జిరాక్స్ మెషీన్ మీద బోర్లిస్తే కుట్టు విరుగుతుంది, ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

6. ఎవరి పండగ అయితే వాళ్లను అడగండి

మతానికి చెందిన పండగ అయితే లైబ్రరీ చేయాల్సింది పూజ కాదు, పరిచయం. ఆ పండగ చేసుకునే విద్యార్థి ఒకరినీ, వేరే ప్రాంతంలో అదే పండగను మరోలా చేసుకునేవాళ్లు ఒకరినీ టేబుల్ పెట్టకముందే పిలిచి లిస్టు చూపించండి. "ఇది మా ఇంట్లో ఇలా కాదండీ" అన్న మాట ముందే వినడం నయం. ఏడాది మొత్తం ఆరు టేబుళ్లలో ఒకే మతానివి మూడొచ్చాయేమో కూడా చూసుకోండి. ఉపవాస దినాలూ, సంతాప దినాలూ ఉంటాయి, వాటికి ఆటలు పెట్టకూడదు. మాతృభాషా దినం వెనక 1952లో ఢాకాలో బెంగాలీ కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థులున్నారు. ఆ రోజు నవ్వుల పోటీలు పెట్టి "హ్యాపీ" అని రాస్తే చదువుకున్నవాళ్లు మనమేనా అనిపిస్తుంది.

7. లెక్క రాసి పెట్టండి

ఒక పేజీ చాలు. ఏ తేదీ, టేబుల్ మీద ఎన్ని పుస్తకాలు పెట్టాం, ఎన్ని వెళ్లాయి, కిందటి వారం అవే రోజుల్లో మొత్తం ఇష్యూలు ఎన్ని, ఈ వారం ఎన్ని. ఎవరూ ముట్టని పుస్తకాల పేర్లు కూడా రాయండి, వచ్చే ఏడాది వాటికి చీటీ మార్చి చూడొచ్చు. చీటీలన్నీ ఒక కవర్లో, పేజీ దాని మీద, కవర్ మీద నెల పేరు.

వెళ్లినవన్నీ దాదాపు ఒకేసారి తిరిగొస్తాయి, అది గుర్తుంచుకోండి. మీ దగ్గర గడువు 14 రోజులైతే, పధ్నాలుగో రోజు పొద్దున్నే కౌంటర్ పక్కన ఒక ఖాళీ ట్రాలీ పెట్టండి. రిటర్న్ ఇస్తున్నవాళ్లను "ఎలా ఉంది?" అని ఒక్కమాట అడగండి. చీటీ ఇంకా లోపలే ఉంటే, వాళ్లు ఏ పేజీ దగ్గర పెట్టారో చూడండి.